ల్యాండ్ టైటిలింగ్ చట్టం రద్దయింది సరే, టైటిల్ గొడవ సంగతేంటి?

గుంటూరు చుట్టుపక్కల ఎక్కడైనా ఓ రెండొందల గజాల స్థలం కొంటే స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంకో శాతం, మొత్తం ఏడున్నర శాతం గవర్నమెంటుకి కట్టాలి. ఇంత కట్టించుకున్న గవర్నమెంటు ఆ స్థలం నీదేనని గ్యారంటీ ఇస్తుందా అంటే ఇవ్వదు. ఫలానా తారీఖున ఒకాయన ఇంకొకాయనకి అమ్మినట్టు కాగితం రాసుకుని వచ్చారు, మేం నమోదు చేసుకున్నాం, అంతవరకే దాని బాధ్యత. అమ్మినాయనకి అసలు అమ్మే హక్కు ఉందా లేదా అన్నది కొన్నాయనే చూసుకోవాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తీరే అంత. అమ్మేవాళ్ళు పాత ఒరిజినల్ దస్తావేజు చూపించకపోతే రిజిస్ట్రేషన్ ఆపొచ్చని తమిళనాడు ఒక రూల్ పెడితే, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, టైటిల్ సంగతి, అంటే అసలు ఓనర్ ఎవరన్నది, తేల్చే పని సబ్ రిజిస్ట్రార్‌ది కాదు అని మళ్ళీ చెప్పింది.

ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైటిలింగ్ చట్టం మీద 2024 ఎలక్షన్లప్పుడు ఎంత రచ్చ జరిగిందో అందరికీ గుర్తుంది, కానీ అసలు ఆ చట్టం ఏ సమస్య కోసం వచ్చిందో, రద్దయ్యాక ఆ సమస్య ఏమైందో మాత్రం ఎవరూ పట్టించుకోవట్లేదు. చట్టం చెడ్డదా మంచిదా అన్న వాదన దగ్గరే అందరూ ఆగిపోయారు. నిజానికి దాని ఆలోచన తప్పు కాదు, దాన్ని అమల్లో పెట్టిన వరస తప్పు. ముందు చేయాల్సిన పని తర్వాతకి, తర్వాత చేయాల్సింది ముందుకి పెట్టారు, దానికి తోడు తప్పు జరిగితే అడగడానికి వెళ్ళే తలుపు కూడా మూసేశారు.

అసలు మన దగ్గర ఒక ఎకరం పొలం ఎవరిదో చెప్పడానికి ఎన్ని కాగితాలు ఉన్నాయో చూస్తే విషయం అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర దస్తావేజులు, ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీలు ఉంటాయి, రెవెన్యూ వాళ్ళ దగ్గర సాగు వివరాల అడంగల్, పట్టాదారు ఖాతా చూపించే 1బి, పాస్‌బుక్ ఉంటాయి, సర్వే శాఖ దగ్గర కొలతల పటం, అంటే ఎఫ్‌ఎంబీ ఉంటుంది, ఈ మూడు శాఖలూ ఒకే పొలం గురించి మూడు రకాలుగా చెప్పడం చాలా మామూలు విషయం. దస్తావేజులో ఎకరం పది సెంట్లు, 1బిలో ఎకరం, కొలిస్తే తొంభై ఆరు సెంట్లు. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. ఇంకా వెనక్కి పోతే బ్రిటిష్ కాలం నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, దాన్నే ఆర్‌ఎస్‌ఆర్ అనీ డైగ్లాట్ అనీ అంటారు, అందులో పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన భూములు కూడా ఉన్నాయి. వాటినే చుక్కల భూములు అంటున్నారు, ఆ చుక్కల కోసమే 2017లో విడిగా ఒక చట్టం చేయాల్సొచ్చింది. వందేళ్ళ కిందట ఏ గుమాస్తానో పెట్టిన చుక్కలకి ఇవాళ అసెంబ్లీ చట్టం కావాల్సొచ్చిందంటే చిక్కు ఏ లెవెల్లో ఉందో చూడండి.

పాస్‌బుక్ ఉంది కదా, అది చాలదా అని చాలామంది అనుకుంటారు. చాలదు. 1971 నాటి భూమి హక్కుల రికార్డుల (ఆర్‌ఓఆర్) చట్టం కింద వచ్చే పాస్‌బుక్ లోన్‌కి పనికొస్తది, పథకాలకి పనికొస్తది, కానీ రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన టైటిల్ రాదని సుప్రీంకోర్టు చాలా కేసుల్లో చెప్పేసింది. అది శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో రాసుకున్న లెక్క. టైటిల్ మీద తగాదా వస్తే తేల్చాల్సింది సివిల్ కోర్టు. అక్కడ కేసు ఏళ్ళ తరబడి నడుస్తది, తండ్రి వేసిన దావా కొడుకు చేతికి వస్తది. ఇలాంటి పద్ధతిని న్యాయశాస్త్రంలో ప్రిజంప్టివ్ టైటిల్ అంటారు, అంటే ఇంకొకళ్ళు వచ్చి కాదని నిరూపించేదాకా నీదే అనుకోవాలి అని.

దీనికి బదులుగా ప్రపంచంలో ఇంకో పద్ధతి ఉంది. 1858లో సౌత్ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ మొదలుపెట్టింది, రాష్ట్రమే ఒక రిజిస్టర్ పెట్టి అందులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్ అని గ్యారంటీ ఇవ్వడం, తప్పు జరిగి ఎవరైనా నష్టపోతే పరిహారం కూడా కట్టడం. మన దేశంలో 1980ల చివర్లోనే వాధ్వా కమిటీ ఇది పెట్టమని చెప్పింది, 2008 నుంచి కేంద్రం రికార్డుల కంప్యూటరైజేషన్ స్కీము కూడా ఆ దారికే అన్నట్టు నడిపింది, 2020లో నీతి ఆయోగ్ మోడల్ చట్టం డ్రాఫ్ట్ రాష్ట్రాలకి పంపింది. ఆంధ్రప్రదేశ్ అంతకంటే ముందే 2019లో బిల్లు తెచ్చింది, అది వెనక్కీ ముందుకీ తిరిగి, మార్పులతో 2022లో మళ్ళీ పాసయ్యి, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుని, 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది.

రాష్ట్రపతి దాకా ఎందుకు పోవాలి, భూమి రాష్ట్ర సబ్జెక్టే కదా అంటే, అక్కడే రాష్ట్రాల చట్టాలకి ఉండే అసలు ఇబ్బంది ఉంది. భూమి, భూమి రికార్డులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి గానీ దస్తావేజుల రిజిస్ట్రేషను, వ్యవసాయ భూమి కాని ఆస్తుల బదిలీ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. వాటి మీద కేంద్ర చట్టాలు ముందే ఉన్నాయి కాబట్టి వాటికి తేడాగా రాష్ట్రం ఏది రాసినా 254 ఆర్టికల్ ప్రకారం రాష్ట్రపతి ఊఁ అనాలి. ఆడవాళ్ళ మీద నేరాలకి కఠిన శిక్షలు వేయాలని తెచ్చిన దిశ బిల్లు సంగతి కూడా ఇంతే కదా, 2019 డిసెంబర్‌లో వెలగపూడి అసెంబ్లీలో పాసైంది, దిశ పోలీస్ స్టేషన్లు పెట్టారు, యాప్ తెచ్చారు, ఆ బిల్లు మాత్రం చట్టం కాకుండానే ఉండిపోయింది. టైటిలింగ్ బిల్లు ఆ గండం దాటింది. దాటాకే దెబ్బతింది.

చట్టంలో ఏముందంటే, టైటిల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్ అని ఒక అధికారి, షార్ట్‌గా టీఆర్‌ఓ, ఆయన టైటిల్ రిజిస్టర్ తయారు చేస్తాడు. అందులో ఎక్కిన పేరు మీద రెండేళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే ఫైనల్, ఇక దాన్ని కాదనడానికి లేదు. అభ్యంతరం ఉంటే ముందు టీఆర్‌ఓ దగ్గర, తర్వాత అప్పిలేట్ ఆఫీసర్ దగ్గర, ఆ పైన నేరుగా హైకోర్టుకే. మధ్యలో సివిల్ కోర్టు లేదు, 38వ సెక్షన్ దాన్ని పక్కన పెట్టేసింది.

2023 డిసెంబర్ నుంచి లాయర్లు రోడ్డెక్కింది దీని మీదే. విజయవాడ, గుంటూరు కోర్టుల దగ్గర విధులు బహిష్కరించి రోజుల తరబడి దీక్షలు చేశారు. వాళ్ళ ప్రాక్టీసు పోతుందని గోల చేస్తున్నారు అని అప్పట్లో కొంతమంది అన్నారు, అందులో కాస్త నిజం లేకపోలేదు, జిల్లా కోర్టుల్లో సివిల్ లాయర్ల పని చాలావరకు భూమి దావాలే. కానీ ఎవరి స్వార్థం ఎలా ఉన్నా అభ్యంతరం మాత్రం గట్టిదే. రికార్డులో తప్పు రాసింది రెవెన్యూ యంత్రాంగం, ఆ తప్పు దిద్దమని అడగాల్సింది కూడా గవర్నమెంటు వేసిన అధికారినే, ఆ అధికారిగా ఎవరిని వేస్తారో చట్టంలో సరిగ్గా బిగించి రాయలేదు. దానికి తోడు చాలా తగాదాల్లో ఒక పార్టీ గవర్నమెంటే. పోరంబోకు అంటది, పేదలకి మేమిచ్చిన అసైన్డ్ భూమి అంటది, ఎండోమెంట్స్ వాళ్ళది అంటది. గవర్నమెంటుకీ రైతుకీ తగాదా అయినప్పుడు గవర్నమెంటు ఆఫీసరే తీర్పు చెప్పడం ఎవరికి నమ్మకం కలిగిస్తది? తాడికొండ దగ్గర రెండెకరాలున్న రైతు గుంటూరు కోర్టుకి పోయి రాగలడు, చెట్టు కింద కూర్చునే ప్లీడర్ గుమాస్తా కూడా మొహం తెలిసినవాడే. హైకోర్టులో రివిజన్ వేయడం అంటే ఆ ఫీజులు, ఆ వాయిదాలు వేరే లోకం.

ఇక ఆ రెండేళ్ళ గడువు. కాగితం మీద న్యాయంగానే కనపడుద్ది, రెండేళ్ళంటే చాలా టైమే కదా అని. మన కుటుంబాల్లో భూమి ఎలా ఉంటదో తెలిసినవాళ్ళకి మాత్రం భయం వేస్తది. ఇక్కడ చాలా ఇళ్ళల్లో తాత పేరు మీదే పొలం ఉండిపోయింది, తాత పోయి ముప్పై ఏళ్ళయినా విరాసత్, అంటే వారసుల పేర్లు ఎక్కించడం, చేయించుకోలేదు, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని గట్లు వేసుకున్నారు, ఒకళ్ళు ఊళ్ళో ఉన్నారు, ఒకళ్ళు హైదరాబాదు, ఒకళ్ళు డాలస్. ఊళ్ళో ఉన్నాయన పేరు మీద అడంగల్ నడుస్తది. ఆడపిల్లల వాటా సంగతి అయితే ఇంకా ఘోరం, ఎన్టీఆర్ టైములో 1985 సెప్టెంబర్ నుంచి అమలయ్యేలా ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన హక్కు ఇస్తూ సవరణ తెచ్చిన రాష్ట్రం ఇది, దేశం మొత్తానికి అది 2005లో గానీ రాలేదు, అయినా ఇవాళ్టికీ ఎన్ని 1బిలలో అక్కాచెల్లెళ్ళ పేర్లు కనపడతాయి? సివిల్ కోర్టులో పార్టిషన్ సూట్ వేస్తే ఆ వాటా తేలుతుంది. రిజిస్టర్‌లో అన్నయ్య పేరు ఒక్కటే ఎక్కి, నోటీసు పంచాయతీ బోర్డు మీద అంటించి, రెండేళ్ళు గడిచిపోతే? కౌలు రైతుల ఊసైతే అసలే లేదు, కృష్ణా డెల్టాలో సాగు చాలావరకు వాళ్ళ చేతుల మీదే నడుస్తున్నా సరే.

అంటే ఫైనల్ అనే ముద్ర వేసే ముందు రికార్డు శుభ్రం కావాలి. అది జరిగిందా? రీసర్వే 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో మొదలైంది, డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో కొలిచే సీఓఆర్‌ఎస్ స్టేషన్లు, టెక్నాలజీ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు, వందేళ్ళ తర్వాత మొదటిసారి మొత్తం రాష్ట్రాన్ని కొలవడం చిన్న పని కాదు. కానీ చట్టం రద్దయ్యే నాటికి 17 వేల పైచిలుకు గ్రామాల్లో పూర్తయింది ఆరు వేల పైచిలుకే. పూర్తయిన చోట కూడా పాత సర్వే నంబర్లు తీసేసి ల్యాండ్ పార్సెల్ మ్యాప్ (ఎల్‌పీఎం) నంబర్లు ఇచ్చారు, ఆ పనిలో చాలాచోట్ల నలుగురైదుగురు రైతుల ముక్కలు కలిపి ఒకే నంబరు కింద పెట్టేశారు, వీటినే జాయింట్ ఎల్‌పీఎంలు అంటున్నారు. ఒకళ్ళు అమ్ముకోవాలంటే మిగిలినవాళ్ళ సంతకం కావాలి, లోన్ కావాలంటే బ్యాంకు వాళ్ళు సబ్‌డివిజన్ చేయించుకు రమ్మంటారు. విస్తీర్ణం తగ్గినవాళ్ళు తహసీల్దార్ ఆఫీసుల చుట్టూ తిరిగారు. డ్రోన్ గట్టు ఎక్కడుందో చూపిస్తది గానీ గట్టు ఎవరు జరిపారో చూపించదు, అది తేల్చాలంటే నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే, ఆ పనికి టైమూ మనుషులూ ఇవ్వలేదు.

పైగా పాస్‌బుక్‌ల మీద అప్పటి ముఖ్యమంత్రి ఫొటో, సర్వే రాళ్ళ మీద ఆయన పేరు. ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు కానీ రాజకీయంగా చట్టాన్ని పూడ్చిపెట్టింది ఇదే. మా తాతలిచ్చిన పొలానికి నీ ఫొటో ఏంటి అన్న ఒక్క ప్రశ్నకి ఏ నీతి ఆయోగ్ డ్రాఫ్టూ సమాధానం చెప్పలేదు. సర్వే మొత్తం పూర్తయ్యాకే చట్టం అమలు చేస్తాం అని అప్పటి అధికార పక్షం ఎలక్షన్ల ముందు ఎంత చెప్పినా జనం వినలేదు, వినరు కూడా, ఎందుకంటే అమల్లోకి తెస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది వాళ్ళే. ప్రతిపక్షం కూడా భయాన్ని బాగానే పెంచింది, మీ భూమి మొత్తం లాగేసుకుంటారు అన్న స్థాయికి ప్రచారం పోయింది, చట్టంలో అలా ఎక్కడా రాసి లేదు. కానీ అనుమానానికి చోటిచ్చింది మాత్రం చట్టం రాసినవాళ్ళే.

2024 జూన్ 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో ప్రమాణం చేసిన చంద్రబాబు మర్నాడు సచివాలయంలో మెగా డీఎస్సీ ఫైలు తర్వాత పెట్టిన రెండో సంతకం ఈ చట్టం రద్దు మీదే. జూలై 24న అసెంబ్లీ రద్దు బిల్లు పాస్ చేసింది. దానికి సరిగ్గా మూడు రోజుల ముందు, జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. ఆ కేసు సంగతి దర్యాప్తు వాళ్ళు చూసుకుంటారు, ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది, ఒక ఆఫీసులో మంట లేస్తే ఎవరి హక్కులు ఏమయ్యాయో తెలియని స్థితిలో ఇంకా మన రికార్డు ఉంది. అలాంటి రికార్డుని ఫైనల్ అనబోయిన చట్టాన్ని తీసేసి, అదే రికార్డుతో పాత పద్ధతికి వెళ్ళిపోయాం.

పాత పద్ధతిలో కూడా గవర్నమెంటు చేతిలో పెద్ద ఆయుధమే ఉంది, దాని పేరు 22ఏ. 2007 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలో చేరిన ఈ సెక్షన్ ప్రకారం అసైన్డ్, ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూముల లాంటివి నిషేధిత జాబితాలో పెడతారు, అందులో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ఆలోచన మంచిదే, ప్రభుత్వ భూమిని ఎవడో అమ్ముకోకుండా ఆపాలి కదా. అమల్లో ఏమవుతుందంటే ఒక సర్వే నంబర్లో ఇరవై ఎకరాలుండి అందులో ఎకరం డొంక పోరంబోకు అయితే మొత్తం నంబరు లిస్టులో పడుద్ది, మిగతా పంతొమ్మిది ఎకరాల పట్టాదారులు తీయించుకోవడానికి కలెక్టరేట్ చుట్టూ తిరగాలి. 2015లో హైకోర్టు ఫుల్ బెంచ్ ఈ లిస్టులు ఎలా తయారు చేయాలో, ఎలా పంపాలో వివరంగా చెప్పినా తిప్పలు తగ్గలేదు. టైటిలింగ్ చట్టం గురించి భయపడిన దానిలో సగం, అంటే ఆఫీసర్ రాసిన ఎంట్రీతో మన ఆస్తి స్తంభించిపోవడం, 22ఏ రూపంలో చాలామందికి ముందే అనుభవంలో ఉంది. దీని మీద ఎవరూ ఎలక్షన్ ప్రచారం చేయరు, ఎందుకంటే ఏ పార్టీ వచ్చినా ఆ లిస్టుతో పని ఉంటది.

అసైన్డ్ భూములదీ ఇదే కథ. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మడం కుదరదు, 2023లో సవరించి ఇరవై ఏళ్ళు దాటినవాటికి అమ్ముకునే హక్కు ఇచ్చారు, 2024లో గవర్నమెంటు మారాక అందులో అక్రమాలు జరిగాయని ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. మధ్యలో నిజాయితీగా కొన్నవాళ్ళు, నిజంగా అవసరానికి అమ్మినవాళ్ళు ఇరుక్కున్నారు.

ఊళ్ళల్లో ఇళ్ళుండే గ్రామకంఠం, విజయవాడలో కొండ మీద ఇళ్ళు, కాలవ కట్టల మీద ఇళ్ళు, వీటి దగ్గర పరిస్థితి ఇంకో రకం. రెండు తరాల నుంచి ఉంటున్నారు, ఇంటి పన్ను కడుతున్నారు, కరెంటు బిల్లు ఉంది, దస్తావేజు మాత్రం లేదు. వాళ్ళ హక్కు ఏంటో పాత పద్ధతి చెప్పదు, కొత్త చట్టం వచ్చి ఉంటే రికార్డులో పోరంబోకు అని ఉంది కాబట్టి అదే ఫైనల్ అయ్యేదేమో.

మరి రికార్డు శుభ్రం చేయడం అసలు కుదరని పనా అంటే, కుదురుద్ది అనడానికి ఉదాహరణ ఎక్కడో లేదు, పక్కనే అమరావతిలో ఉంది. 2014 డిసెంబర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి కోసం సీఆర్‌డీఏ చట్టం వచ్చాక తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో 29 గ్రామాల నుంచి 33 వేల ఎకరాల పైన ల్యాండ్ పూలింగ్‌లో, అంటే పొలానికి బదులు ప్లాట్లు ఇచ్చే పద్ధతిలో, తీసుకున్నారు. రాజధాని మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, అక్కడ జరిగిన టైటిల్ పరిశీలనని విడిగా చూడాలి. రైతు భూమి ఇవ్వడానికి ఒప్పుకుంటూ 9.3 ఫారం ఇవ్వాలి, ఆ ఊళ్ళోనే అధికారులు కూర్చుని కాగితాలు, వారసులు, సరిహద్దులు చూడాలి, ఆ తర్వాత 9.14 అగ్రిమెంటు, అప్పుడే కౌలు డబ్బులు, మెట్టకి ఎకరానికి ఏటా 30 వేలు, నది పక్కన సారవంతమైన జరీబుకి 50 వేలు, ఏటేటా కొంత పెంచుతూ పదేళ్ళు. డబ్బు రావాలంటే వాటాలు తేలాలి కాబట్టి చాలా ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి నానిన పంపకాలు అప్పుడే పూర్తయ్యాయి. గవర్నమెంటుకి భూమి కావాలి కాబట్టి అది కూడా ఆఫీసర్లని ఊళ్ళోకి పంపింది. ఇద్దరికీ అవసరం ఉండటం వల్ల పని కదిలింది. అక్కడా అన్నీ సవ్యంగా లేవు, అసైన్డ్ రైతులకి పట్టా రైతుల కంటే తక్కువ గజాలు ఇస్తామనడం పెద్ద వివాదమైంది, ఉండవల్లి, పెనుమాక లాంటి చోట్ల చాలామంది ఇవ్వం అని నిలబడ్డారు, తర్వాత గవర్నమెంటు మారి మూడు రాజధానుల చట్టం రావడం, 2021 నవంబర్‌లో ఆ గవర్నమెంటే దాన్ని వెనక్కి తీసుకోవడం, 2022 మార్చి 3న హైకోర్టు అమరావతినే రాజధానిగా కట్టాలని తీర్పు ఇవ్వడం తెలిసిందే. ఆ తీర్పులో రైతులకి బలంగా నిలిచింది కూడా ఆ అగ్రిమెంట్లే.

రీసర్వేలో ఈ అవసరం రైతు వైపు లేదు. సర్వేయర్ వచ్చి కొలుచుకుపోయాడు, రైతుకి అది ఇంకో ప్రభుత్వ కార్యక్రమం. అదే సర్వేతో పాటు ఖర్చు లేకుండా వారసత్వ మ్యుటేషన్, కుటుంబ పంపకాలకి నామమాత్రం ఫీజు, మండలానికి ఒక న్యాయాధికారితో తగాదాల బెంచి పెట్టి, ఇవన్నీ నడిచిన ఊళ్ళో మాత్రమే, ఒక్కో ఊరికి విడివిడిగా, టైటిల్ రిజిస్టర్ తెరిచి ఉంటే కథ వేరేలా ఉండేది. సివిల్ కోర్టు తలుపు మూయకుండా ఉంచి, కేసులు తగ్గాక ఆలోచించి ఉండాల్సింది. తప్పు ఎంట్రీ వల్ల నష్టపోయినవాళ్ళకి పరిహారం ఎవరు, ఎంత, ఏ నిధి నుంచి కడతారో మొదటి పేజీల్లోనే రాసి ఉండాల్సింది, గ్యారంటీ అనే మాటకి అర్థం అదే కదా. ఏడున్నర శాతం వసూలు చేసే గవర్నమెంటు అందులో ఒక చిన్న భాగం ఆ నిధికి పక్కన పెట్టలేదా?

రద్దు తర్వాత కొత్త ప్రభుత్వం 2024 డిసెంబర్ నుంచి రెవెన్యూ సదస్సులు పెట్టి అర్జీలు తీసుకుంది, రాజముద్ర వేసిన పాస్‌బుక్‌లు ఇస్తామంది, రీసర్వేని మార్పులతో కొనసాగిస్తోంది. ఫొటో తీసేయడం ఈజీ. జాయింట్ ఎల్‌పీఎంలు విడగొట్టడం, 22ఏ లిస్టులో అనవసరంగా పడిన సెంట్లని విడిగా తీయడం, విరాసత్ పెండింగులు క్లియర్ చేయడం కష్టం, వీటికి రిబ్బన్ కటింగులు ఉండవు. టైటిలింగ్ అనే మాట ఎత్తడానికి ఇంకో పదేళ్ళు ఏ పార్టీ కూడా ధైర్యం చేయకపోవచ్చు, అది కొంచెం బాధాకరమే. ఈలోపు స్థలం కొనేవాళ్ళు ముప్పై ఏళ్ళ ఈసీ తీయించుకోవడం, లింక్ డాక్యుమెంట్లు అన్నీ ఒరిజినల్స్ అడగడం, 22ఏలో ఉందేమో చూసుకోవడం, లాయర్‌తో లీగల్ ఒపీనియన్ రాయించుకోవడం, అభ్యంతరాలుంటే వారం రోజుల్లో తెలపండి అని పేపర్లో ప్రకటన వేయించడం, ఈ ఖర్చంతా సొంతంగా పెట్టుకుంటూనే ఉండాలి, అన్నీ చేశాక కూడా అమ్మినాయన చెల్లెలు గుంటూరు కోర్టులో పార్టిషన్ సూట్ వేస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలే, అందులో ఆవిడ తప్పు కూడా ఏమీ ఉండదు.